జమ్మలమడుగు ఇంట్లో డిస్కస్ చేపలు చచ్చిపోయిన సంగతి

ప్రొద్దుటూరులో ఇంట్లో చేపల తొట్టెలు పెట్టుకున్న కుర్రవాళ్లు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని నన్ను కూడా చేర్చుకున్నారు. డిస్కస్ చేపలకు ఏం మేత పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి, నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి, అనుభవం ఉన్నవాడివి కాబట్టి నాలుగు ముక్కలు రాయమని అడిగారు. రాద్దామనే కూర్చున్నాను. అంతలో మీలోనే ఒకాయన ఆ గ్రూపులో ఒక కథ పెట్టాడు. వెనకటి ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగులో ఒక నాయకుడి ఇంట్లో చేపలకు మేత వేసే మనిషే ఎదుటి వర్గానికి అమ్ముడుపోయి తొట్టెలో విషం కలిపాడని, మర్నాటికల్లా పారిపోయాడని ఆ కథ. దాని కింద చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ కథలో నేను లేను. నిజానికి అందులో ఉండాల్సింది నేనొక్కడినే. తొట్టెలో విషం ఎవరూ కలపలేదు. ఆ చేపలు నా వల్ల చచ్చిపోయాయి. మేత గురించి తర్వాత రాస్తాను, ముందు ఇది రాయాలి. రాయడం మొదలుపెట్టాక కూడా కొన్ని సంగతులు నాకే సరిగా అర్థం కావడం లేదు. అర్థమైనంత వరకు చెబుతాను.

నేను ఐటీఐ చదివి, ఫిట్టరు పని దొరక్క, ప్రొద్దుటూరులో ఒక చేపల తొట్టెల షాపులో చేరాను. తొట్టెలు బిగించడం, వారానికోసారి ఇళ్లకు పోయి నీళ్లు మార్చి, అద్దాలు తుడిచి, ఫిల్టర్లు కడిగి రావడం నా పని. సంచిలో ఒక రబ్బరు గొట్టం, ఒక ధర్మామీటరు, రెండు మూడు మందు సీసాలు. ఆ సంచి భుజాన వేసుకుని బస్సుల్లో మూడు తాలూకాలు తిరిగాను. బంగారు అంగళ్ల వాళ్ల ఇళ్లు, డాక్టర్ల ఆసుపత్రులు, లాడ్జీలు. ఎక్కువగా గోల్డ్ ఫిష్‌లే. మా ఓనరు సాయిబు, పెద్దగా చదువుకున్నవాడు కాదు, కాని చేపల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను చేరిన రోజు రెండే మాటలు చెప్పాడు. ఏ ఇంటి వల ఆ ఇంట్లోనే ఉండాలి, ఏ ఇంటి మాట ఆ ఇంట్లోనే ఉండాలి. రెండో మాటను కాపాడబోయి మొదటి మాటను తప్పాను. నా కథంతా అంతే.

డిస్కస్ చేప మీకు తెలిసిందే. అరిచేతంత పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉంటుంది. గట్టిగా తలుపు వేస్తే భయపడి నల్లబడుతుంది. ఒంటరిగా ఉండలేదు, ఆరుకు తక్కువ పెడితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. నీళ్లు మనం స్నానానికి తోడుకునే గోరువెచ్చని నీళ్ల కంటే కాస్త తక్కువ వేడిలో ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మన వైపు బోరు నీళ్లు వాటికి పడవు, ఉప్పు ఎక్కువ. అలాంటి చేపను ఫ్యాక్షన్ నాయకుడి ఇంట్లో పెట్టమని కబురు వచ్చినప్పుడు మా ఓనరు రెండు రోజులు ఆలోచించాడు.

ఆ నాయకుడు పేరు చెప్పినా జిల్లా దాటితే ఎవరికీ తెలియనంత చిన్న నాయకుడు. ఒక ఊరికి, ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకు పెద్ద. ఊర్లో రెండు వర్గాలయ్యాక ఈయన జమ్మలమడుగులో ఇల్లు కట్టుకున్నాడు, ఎదుటి వర్గం ఆయన పులివెందులలో బంధువుల అండ చూసుకుని అక్కడ ఉన్నాడు. ఈయన ఒక పార్టీ, ఆయన ఇంకో పార్టీ. ఎన్నికలు వస్తే పల్లెలో బాంబులు, పోతే కోర్టు వాయిదాలు. జమ్మలమడుగు ఆయన పది మంది లేకుండా వాకిలి దాటడు. రోజంతా కిటికీలు లేని నడిమి గదిలో కూర్చుంటాడు. అక్కడ చూడటానికి ఏదైనా కావాలని వాళ్ల చెల్లెలు ఎవరో మద్రాసులో చూసి చెప్పిందట, చేపలు పెట్టుకోమని.

ఎనిమిది చేపలు మద్రాసు నుంచి తెప్పించాం. కరెంటు పోతే నీళ్లు చల్లబడతాయని ఆ ఇంటి జనరేటరుకు తొట్టెను కలిపాం. మంచినీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చి, పెద్ద డ్రమ్ములో ఒక రోజు నిలవబెట్టి, బోరు నీళ్లు కొంచెం కలిపి పోయాలి. ఇవన్నీ వారానికోసారి వచ్చే నేను చేసేవి కావు. రోజూ చూసుకునే మనిషి కావాలంటే ఆ ఇంట్లో ఒకాయనను చూపించారు.

ఆయనకు అప్పటికే యాభై దగ్గర. వాళ్ల ఊర్లో గొర్రెలు కాచుకునే కుటుంబం. వర్గం కోసం బాంబు చుడుతుండగా అది పేలి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. మనిషి వెంట తిరగడానికి పనికిరాడని ఇంట్లో పెట్టుకున్నారు. అందరూ మొదట ఎగతాళిగా, తర్వాత మామూలుగా 'చేపల మామ' అన్నారు. నేనూ మామా అనే పిలిచాను.

ఆయనకు నేను నేర్పింది తక్కువ. వీటికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మేత చాలని, పది నిమిషాల్లో తినకుండా మిగిలింది తీసేయాలని, లేకుంటే నీళ్లు చెడిపోతాయని చెప్పాను. మూడో వారానికి ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. గొర్రెను పొద్దున లేవగానే ముందు దాని పెంటికలు చూస్తారట. అలాగే ఆయన చేప పేడ చూసేవాడు. నల్లగా ఉంటే బాగున్నట్టు, తెల్లగా దారంలా సాగితే కడుపులో పురుగు ఉన్నట్టు అని తనంతట తానే కనిపెట్టాడు. పుస్తకాల్లో రాసింది కూడా అదే.

మేతకు గుండెకాయ కావాలి. పైదేశాల్లో ఎద్దు గుండెకాయ వాడతారు. ఆ ఇంట్లో అది కుదరదు కనుక పొట్టేలు గుండెకాయ. దానికి ఆ ఇంట్లో కొదవ లేదు, వెంట తిరిగేవాళ్లకు రెండు రోజులకోసారి పొట్టేలు కోసేవారు. మామ ఎడమచేత్తో కత్తి పట్టి, మిగిలిన రెండు వేళ్లతో ముక్కను అదిమిపెట్టి, కొవ్వు, నరాలు ఒక్కటి లేకుండా తీసేవాడు. పాలకూర, కొంచెం వెల్లుల్లి వేసి రుబ్బి, పలచగా పరిచి ఫ్రీజులో గడ్డ కట్టించి, ముక్కలు విరిచి వేసేవాడు. కూరలో గుండెకాయ కనిపించడం లేదని వెంట తిరిగేవాళ్లు గొణిగారు. ఒకడు ఆయన ముందే అన్నాడు.

"మేము ప్రాణాలు అడ్డం పెడతాంటే గుండెకాయలు చేపలకా మామా?"

"నీకు పెడితే నువ్వేమన్నా రంగు తేలతావా," అన్నాడు మామ, కత్తి ఆపకుండానే.

ఏడాది తిరిగేసరికి ఒక జంట గుడ్లు పెట్టింది. దాన్ని పక్కన చిన్న తొట్టెలోకి మార్చాం. డిస్కస్ పిల్లలు పుట్టిన మొదటి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురును తిని బతుకుతాయి. పిల్లలన్నీ తల్లి ఒంటికి అంటుకుని తింటుంటే చూడటానికి ఆ ఇంట్లో నడుముకు కత్తులు పెట్టుకున్న మనుషులు చెప్పులు బయట విడిచి, ముని వేళ్ల మీద నడిచి వచ్చేవాళ్లు. నాయకుడు గంటలు గంటలు చూసేవాడు. పిల్లల్లో ఒక్కటీ నిలవలేదు, అయినా ఆయన బాధపడలేదు. ఆ ఏడాది మండలం ఎన్నికల్లో ఆయన మనుషులు గెలిచారు. చేపలు వచ్చిన వేళ అన్నారు.

ఆ వేళావిశేషం పులివెందుల దాకా వినిపించింది. ఎదుటి ఆయన మనిషి మా షాపుకు వచ్చి, జమ్మలమడుగులో ఉన్నవాటి కంటే పెద్దవి కావాలన్నాడు. మా ఓనరు వద్దని చెప్పలేకపోయాడు, అలాంటివాళ్లకు వద్దని చెప్పడం ఎలాగో నాకూ తెలియదు. నేను నెలకు రెండుసార్లు పులివెందుల పోయేవాణ్ని. పోతున్నట్టు జమ్మలమడుగులో తెలియకూడదు, జమ్మలమడుగు పోతున్నట్టు అక్కడ తెలియకూడదు. మొదట్లో భయం వేసింది. కొన్నాళ్లకు భయం పోయి, నేనేదో గొప్ప రహస్యం మోస్తున్నవాడిలా ఒక రకమైన గర్వం వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని వచ్చింది.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

పులివెందుల ఆయన మాకు చెప్పకుండా బెంగళూరు నుంచి ఇంకో నాలుగు డిస్కస్ తెప్పించి నేరుగా పాత చేపలతో కలిపేశాడు. కొత్త చేపను కనీసం మూడు నాలుగు వారాలు వేరే తొట్టెలో పెట్టి చూడాలి. అది చేయకుంటే ఏమవుతుందో నేను పొద్దున పోయేసరికి కనిపించింది. చేపలన్నీ బొగ్గులా నల్లబడి, రెక్కలు ముడుచుకుని, ఒక మూల గుంపుగా తలలు పైకెత్తి ఉన్నాయి. ఒంటి మీద జిగురు తెట్టెలుగా ఊడుతోంది. ఇది డిస్కస్‌కు వచ్చే అంటురోగం. ఒక చెయ్యి, ఒక గొట్టం, ఒక వల చాలు ఇంకో తొట్టెకు పాకడానికి. మూడు అప్పటికే చచ్చాయి. ఆ ఇంటి వల చిరిగిపోయి ఉంది. నా సంచిలో ఇంకో వల ఉంది. అది జమ్మలమడుగు ఇంటిది, చట్రం వంగితే సరిచేద్దామని అంతకు ముందు వారం తెచ్చాను. దాంతో చచ్చినవాటిని తీశాను. షాపుకు పోయి ఉప్పు నీళ్లలో నానబెట్టి, ఎండబెడదామనుకుని ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

వాళ్ల ఫోను నుంచే షాపుకు చేసి మందులు పంపమని అడిగితే ఓనరు ఇంకో మాట చెప్పాడు. హైదరాబాదు నుంచి పార్టీ పెద్ద ఒకాయన మరుసటి రోజు జమ్మలమడుగు ఇంటికి వస్తున్నాడట. నాయకుడు చేపలు చూపించాలని ముచ్చట పడుతున్నాడు, వెంటనే అటు పొమ్మన్నాడు. ఇక్కడినుంచి ఏ ఊరికి పోతున్నానో ఎదురుగా ఉన్నవాళ్లకు వినపడకుండా సరే సరే అని పెట్టేశాను. ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరాను. బస్టాండుకు మామే వచ్చాడు.

పని ఏమంటే, గుడ్లు పెట్టిన జంటను చిన్న తొట్టెలోంచి పెద్ద తొట్టెలోకి మార్చాలి, అన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని నాయకుడి కోరిక. సంచి తెరిచి వల తీశాను. తీస్తున్నప్పుడే తెలుసు నాకు. తెలియక చేశానని ఎవరికీ చెప్పను.

ఒక బకెట్ వేడినీళ్లు, రెండు దోసిళ్ల ఉప్పు అడిగితే సరిపోయేది. లేదా కాసింత పర్మాంగనేటు. కాని అడిగితే, ఎందుకప్పా అంటారు. ఏదో ఇంట్లో చేపలకు రోగం అంటే, ఏ ఇంట్లో అంటారు. ఈ చేపలున్న ఇళ్లు ఎన్నో లేవు. ప్రొద్దుటూరులో ఫలానా డాక్టరు ఇంట్లో అని ఒక అబద్ధం చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను ఇన్నేళ్లుగా అదే అడుగుతున్నాను. ఆ అబద్ధం ఆ క్షణంలో తోచలేదు. ఎప్పుడూ నోటికొచ్చిన అబద్ధాలు చెబుతూ రెండిళ్లు తిరిగినవాడికి ఆ ఒక్కటి ఎందుకు తోచలేదో తెలియదు. కొళాయి కింద వలను గట్టిగా కడిగాను. ఇంత కడిగితే పోతుందిలే అనుకున్నాను. మామ పక్కనే నిలబడి ఉన్నాడు.

"సంచిలోంచి తీస్తానే వల తడిగా ఉందేందప్పా?"

"పొద్దున షాపులో కడిగినా మామా," అన్నాను.

జంటను ఎత్తి పెద్ద తొట్టెలో వేశాను. మర్నాడు పార్టీ పెద్దాయన వచ్చి, చూసి, మెచ్చుకుని పోయాడని విన్నాను.

నాలుగో రోజుకు షాపుకు కబురు వచ్చింది. పరుగున పోయాను. పులివెందుల్లో చూసిందే అక్కడా చూశాను. ఉప్పు వేశాం, మందులు వేశాం, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చాం. నేను ఆ ఇంట్లోనే నాలుగు రోజులు ఉన్నాను. మామ సరిగ్గా తినలేదు. నీళ్లలో చెయ్యి పెట్టి ఒక్కొక్క చేప కింద అరచేయి ఉంచి నిలబెట్టేవాడు, అవి పక్కకు వాలిపోతుంటే. ఎనిమిదీ పోయాయి.

చివరిది పోయిన రోజు మధ్యాహ్నం నడిమి గదిలో అందరినీ పిలిచారు. నాయకుడు ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని ఖాళీ తొట్టెను చూస్తున్నాడు. మాట్లాడింది ఆయన బామ్మర్ది. ఆ ఇంట్లో కొట్టడం, తిట్టడం, లెక్కలు తేల్చడం అన్నీ ఆయన పనే. ఆయన వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. చేపల నీళ్లూ, ఇంట్లో తాగే నీళ్లూ ఒకే ప్లాంటు క్యాన్లు. ఎవడో ముందు చేపల మీద మందు పరీక్షించి చూశాడు, రేపు మన బిందెల్లో కలుపుతాడు అన్నాడు. మందు అంటే విషం. ఆ గదిలో అందరి ముఖాలూ మారిపోయాయి. చేపలు ఎవరికీ గుర్తులేవు, ఎవరి కడుపు వాళ్లకు గుర్తొచ్చింది.

నీళ్లు పట్టేది ఎవరు, మామ. మేత వేసేది ఎవరు, మామ. మామ చెల్లెలిని ఇచ్చింది ఎదుటి వర్గం వాళ్లున్న పల్లెకు. వర్గాలు పుట్టక ముందు జరిగిన పెళ్లి అది. అయినా ఆ రోజు అదొక సాక్ష్యమైంది.

"నేనేం కలపలేదన్నా," అన్నాడు మామ నాయకుడితో. "నీళ్లు పట్టినా. మేత ఏసినా. ఇంకేం చేయలే."

బామ్మర్ది నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పబ్బీ. ఇది నీకు తెల్సిన ఇద్దె. రోగమా, మందు పెట్టినారా?"

అంతవరకూ నన్ను ఎవరూ అంత పెద్ద మనిషిగా చూడలేదు. ఆ గదిలో నా మాట తీర్పు. రోగం అని చెబితే, యాడినుంచి వచ్చింది, ఏడాదిగా లేంది ఇప్పుడెట్ల వచ్చింది అంటారు. నా కళ్లు మామ వైపు పోలేదు. తొట్టె వైపు చూసి అన్నాను.

"రెండిట్లో ఏదైనా కావచ్చన్నా. చూసి చెప్పలేము."

అబద్ధం కూడా కాదు చూడండి, అందుకే ఇన్నేళ్లు దాని వెనక దాక్కోగలిగాను. కాని నాకు తెలుసు, చూసి చెప్పగలను. చిన్న పిల్లవాడికి చూపించినా చెబుతాడు. అప్పుడు మామ నన్ను ఒకసారి చూశాడు. కోపంగా కాదు. ఎలా చూశాడో చెప్పడానికి నాకు మాట దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. నాయకుడు లేచి, రేపు పొద్దున మాట్లాడదాం అని లోపలికి పోయాడు. నన్ను పొమ్మన్నారు. సాయంత్రం బస్సుకు ప్రొద్దుటూరు వచ్చేశాను.

మర్నాడు మామ ఆ ఇంట్లో లేడు. తప్పు చేసినవాడు కాబట్టే పోయాడన్నారు. ఊర్లో ఆయన ఇంటికి తాళం వేశారు. పెళ్లాన్ని, కొడుకును పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోయారు. తర్వాత రెండేళ్లకు వాళ్లమ్మ చనిపోతే మట్టి వేయడానికి కూడా ఆయనను ఊర్లోకి రానివ్వలేదని విన్నాను. ఆ మాట మా షాపులో ఒకరు మామూలు కబురుగా చెప్పారు. నేను అప్పుడు ఒక తొట్టెకు అద్దం అతికిస్తున్నాను. అతికించడం ఆపలేదు.

జరిగింది మా ఓనరుకు మాత్రం ఆ వారమే చెప్పాను. ఇప్పుడు చెబితే ఒకడికి ఇద్దరు పోతారు, నోరు మూసుకో అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు, ఆయన మీదికి తోయను. నోరు నాది. పులివెందుల చేపలు కూడా అన్నీ చచ్చాయి. అక్కడ ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. కొత్తవి తెప్పించుకున్నారు. ఒకే రోగం ఒక ఇంట్లో రోగంగా, ఇంకో ఇంట్లో విషంగా ఎందుకైందో నాకు అర్థం కాదు. నేను ఏడాదిలోపు ఆ పని మానేశాను. ఇప్పుడు ఒక మంచినీళ్ల ప్లాంటులో సూపర్‌వైజరును.

చాలా ఏళ్లు గడిచాయి. పార్టీలు మారాయి, మనుషులు అటు ఇటు అయ్యారు. ఒక రోజు పేపర్లో జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. జమ్మలమడుగు ఆయన, పులివెందుల ఆయన ఒకే వేదిక మీద, ఒకే రంగు కండువాలతో, ఒకరి మెడలో ఒకరు దండ వేసుకుంటున్నారు. వాళ్ల పిల్లలకు సంబంధం కూడా మాట్లాడుకుంటున్నారన్నారు. ఆ ఫొటో చూశాక నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇక చెప్పినా ఏం కాదు అని. అంత సిగ్గుపడాల్సిన ఆలోచన నాకు ఇంకెప్పుడూ రాలేదు. అయినా చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

జమ్మలమడుగు ఇంటికి పోతే గేటు తీసే ఉంది. ఎవరూ ఆపలేదు. ఆయన వరండాలో, వెలుతురులో కూర్చుని ఉన్నాడు, షుగరు వచ్చి సన్నబడ్డాడు. బామ్మర్ది పోయి చాన్నాళ్లయిందట. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. వల సంగతి, పులివెందుల సంగతి, ఆ మధ్యాహ్నం నేను చెప్పిన మాట, ఒక్కటి దాచకుండా అంతా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

ఆయన నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని. జేబులోంచి ఫోను తీసి పులివెందుల ఆయనకు కలిపి, నాకు వినపడేలా పెట్టాడు.

"బావా, నీ చేపల రోగం నా చేపలకు తగిలించినోడు దొరికినాడు. ఈడనే ఉండాడు."

"ఎవరు, ఆ సంచోడా? మా ఇంటికి వస్తానే నీ ఇంటికీ వస్తాన్నాడా?" అవతల కూడా నవ్వు. "అయితే ఆ పొద్దు నేను నీ మీద గెలిచినట్టే కదప్పా. ఎనిమిది పడగొట్టినా."

ఇద్దరూ ఇంకాసేపు నవ్వుకున్నారు, పెళ్లి పనుల గురించి రెండు మాటలు మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేశాక ఆయన నన్ను అడిగాడు.

"అదంతా సరేప్పా. మరి ఆ మేత ఏసేటోడు ఏల పోయినాడు? ఏం చేయనోడు పోతాడా?"

నిజమే, ఎందుకు పోయాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకే రాలేదు. తరిమేశారనే అనుకుంటూ వచ్చాను. ఎవరూ తరమలేదని అప్పుడే తెలిసింది. వాణ్ని ఊర్లోకి రమ్మని చెప్పు, నేనేం అనను అన్నాడాయన. మజ్జిగ తెమ్మని చెప్పినంత తేలికగా అన్నాడు.

వెతికితే నెలకు దొరికాడు. చక్రాయపేట దిక్కున ఒక పల్లెలో, వాళ్ల చెల్లెలి బంధువుల దగ్గర, నలభై గొర్రెలతో. నేను పోయేసరికి రోడ్డు పక్కన ఒక గొర్రె కాలు పట్టుకుని గిట్టలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తి చూసి, వెంటనే గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను, మామా ఆ రోజు నేను పులివెందుల నుంచి...

"నాకు తెల్సు లేప్పా," అన్నాడు.

ముల్లు తీయడం పూర్తి చేసి, గొర్రెను వదిలి చెప్పాడు. బస్టాండులో నేను దిగింది ప్రొద్దుటూరు బస్సు కాదు, ముద్దనూరు నుంచి వచ్చే బస్సు. సంచిలోంచి తీసినప్పుడు వల మీద నీళ్లు కాదు ఉన్నది, జిగురు. చేప జిగురు వాసన ఆయనకు తెలియదా. ఒక మందలో రోగం ఉన్నట్టుండి పుట్టదు, ఇంకో మందతో కలిస్తేనే వస్తుంది. ఆ సాయంత్రానికే ఆయనకు అంతా అర్థమైందట.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు మామా? నేను అట్ల అన్నాక కూడా?"

"చెప్పింటే నిన్ను బస్సెక్కనిచ్చేటోళ్లా?" అన్నాడు, చేతిలో ముల్లును దూరంగా విసిరేస్తూ. "నేను ఆడనే ఉంటే మర్నాడు అడుగుతారు. నాలుగు తగిలినాక నా నోట్లోంచి ఏం వస్తాదో నాకే తెల్దు. అందుకే పోయినా."

నేను ఆయనకు ఏమవుతాను. వారానికోసారి సంచి వేసుకుని వచ్చే షాపు మనిషిని. అదే అడిగాను. ఆయన గొర్రెల వైపు చూస్తూ, ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక చాలా రోజులైంది, ఎట్లా బయటపడాలో తెలియకుండా ఉంటే నీ వల్ల ఒక దారి దొరికిందిలే అన్నాడు. ఒక నవ్వు నవ్వాడు. మొదట చెప్పింది నిజమో, రెండోది నిజమో, నా బరువు తగ్గించడానికి రెండోది అప్పటికప్పుడు అల్లాడో నాకు తెలియదు. తల్లి శవాన్ని చూడలేకపోయిన మనిషి అది దారి అని ఎలా అంటాడు?

ఊర్లో వాళ్లకు తెలిసేటట్టు చెప్పమని మాత్రం అడిగాడు. ఆ నాయకుడు ఏమనుకుంటే ఆయనకు పట్టలేదు, వాళ్ల చిన్నాయన కొడుకులు, వీధిలో వాళ్లు తెలుసుకోవాలి. ఇప్పుడు ఇది రాస్తానని చెబితే పేర్లు రాయొద్దన్నది కూడా ఆయనే. నేనెవరో మా ఊరోళ్లకు తెలుసు, మిగతావాళ్లకు ఎందుకు అన్నాడు. అందుకే ఇక్కడ ఎవరి పేరూ లేదు. ఆ ఊరికి పోయి రచ్చబండ దగ్గర చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు, ఇన్నేళ్లకు వాడే నిన్ను పంపినాడా అన్నారు. అందుకని రాసి కూడా పెడుతున్నాను.

గొర్రెల దగ్గర ఆ రోజు నేను తిరిగి బయలుదేరబోతుంటే మామ అడిగాడు, నాయకుడికి చెప్పావా అని. చెప్పానన్నాను.

"ఏమన్నాడు?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఈసారి తోచింది కూడా. కాని చెప్పలేదు.

"నవ్వినాడు మామా. పులివెందుల ఆయనకు ఫోన్ చేసి చెప్పినాడు. ఇద్దరూ నవ్వినారు."

"నవ్వినారా," అన్నాడు. గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి. ఒక లారీ వస్తుంటే చెయ్యి ఎత్తి దాన్ని ఆపాడు. అన్నీ దాటేదాకా చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. లారీ పోయాక నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దే చెప్పింటే నవ్విండరు లేప్పా."

నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడో, తనకు తాను చెప్పుకున్నాడో తెలియలేదు.